బుట్టలో మిగిలిన వేపమండలు

సత్యవేడు దారిలో మునెయ్య టీకొట్టు. బుధవారం రాత్రి పదిన్నరకు అక్కడ రేడియో పెడితే ఇరవై మంది చేరేవారు. దయ్యాల సంగతుల కార్యక్రమం అది. జనం రాసి పంపిన అనుభవాలను దేవనాథన్ అనే ఆయన చదివి, వాటి మీద మాట్లాడేవాడు. ఆయన గొంతు అలాంటిలాంటిది కాదు. మెల్లగా మొదలుపెట్టి, ఆపకూడని చోట ఆపి, వెనకనుంచి వీపు మీద చెయ్యి వేసినట్టు మళ్లీ అందుకునేవాడు.

అందుకని మునెయ్య సాయంత్రమే ఇరవై వేపమండలు విరిచి బుట్టలో పెట్టేవాడు. ఇంటికి పోతూ భయమేసినవాళ్లు తలా ఒకటి తలగుడ్డలో దోపుకునేవారు. వేప ఉంటే గాలి సోకదు. బుట్ట ఖాళీ అయితే ఆ వారం కార్యక్రమం బాగున్నట్టు. దేవనాథన్ రోజుల్లో బుట్ట చాలక, చెట్టు కింది కొమ్మలు కూడా బోడి అయ్యాయి.

ఆషాఢంలో ఆయనకు గొంతు ఆపరేషన్ అయింది. మూడు వారాలకని కుముదవల్లి అనే టీచరమ్మను ఆయన చోట కూర్చోబెట్టారు. ఆమె దయ్యాన్ని కూడా బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లను పలకరించినట్టు పలకరించేది. పాపం ఎందుకొచ్చిందో, ఏం పని మిగిలిపోయిందో ఆరా తీసేది. మొదటి వారం బుట్టలో పదకొండు మండలు మిగిలాయి. రెండో వారం పదిహేడు.

ఇంతలో రేడియో స్టేషను నుంచి, టీకొట్టులో చేరేవాళ్ల శ్రోతల సంఘానికి కార్డు వచ్చింది. దేవనాథన్ ఇక రాలేరు, ఈమెనే ఉంచాలా, వేరొకరిని చూడాలా, మూడో వారం విని రాయండి అని. రేడియో మునెయ్యది కాబట్టి సంఘానికి పెద్ద అతనే. చదువు మూడో తరగతి. మాట అంతకన్నా తక్కువ.

అతనికి ఇంకో దిగులుంది. చెల్లెలు గంగులమ్మ. భర్త పెంచలయ్య పోయి ఎనిమిది నెలలు. రాత్రిళ్లు ఎద్దుల కొట్టంలో ఆయన దగ్గు వినిపిస్తోందని, పొద్దుగూకేసరికి వచ్చి టీకొట్టు వెనక గదిలో పడుకునేది. వేపమండ ఒకటి చాలక, చెట్టునుంచే విరుచుకొచ్చి చంకనిండా పెట్టుకుని పడుకునేది. టీ నీళ్లగా ఉందని, దుప్పటి కంపని అన్నను సాధించేది. మునెయ్య దుప్పటి ఉతికి ఆరేసేవాడు.

మూడో వారం టీచరమ్మ నాయుడుపేట నుంచి వచ్చిన ఉత్తరం చదివింది. చనిపోయిన అత్త తిరగలి తిప్పుతున్న చప్పుడు రాత్రిపూట వినిపిస్తోందని ఒకామె రాసింది. టీచరమ్మ నవ్వలేదు, భయపెట్టలేదు.

"ఆమె పోయినాక ఆ తిరగలి పని ఎవరు చేస్తున్నారమ్మా? ఒకసారి మీరు కూర్చుని తిప్పి చూడండి" అంది.

అందరూ ఎవరి దారిన వాళ్లు, ఒంటరిగానే వెళ్లిపోయారు. గంగులమ్మ మాత్రం బల్ల మీదే కూర్చుంది.

"ఆయన పడుకోబొయ్యే ముందర ఎద్దులకు గడ్డేసేవాడు న్నా. నేనేమో పొద్దుండగానే యేసి ఈడికి వచ్చేస్తా ఉండా."

మునెయ్య లాంతరు అందించి, చెప్పులు వేసుకోబోయాడు.

"నువ్వు యాడికి? నేనొకదాన్నే పోతా. ఆ దుప్పటి నీ కాడే పెట్టుకో, కంపు."

లాంతరు తప్ప చేతిలో ఏమీ లేకుండా వెళ్లింది. మునెయ్య ఆ రాత్రి పడుకోలేదు.

తెల్లారి ఆమె రోజూ టీ తాగే వేళకే వచ్చి, తాగి, నీళ్లగా ఉందంది.

"దగ్గు?" అన్నాడు మునెయ్య.

"ఇనపడింది. గడ్డేసినాక నిలిచిపొయ్యింది. ఆయనదో ఎద్దుదో నేను అడగలా. నిద్రపట్టేసింది."

సంఘానికి రాతకోతలు చూసే చెంగల్రాయుడు కార్డు తీసుకుని వచ్చాడు.

"ఆయమ్మ మాట్లాడతా ఉంటే ఆవలింత వస్తా ఉండాది మామా. బుట్ట సూడు, ఇరవైకి ఇరవై ఆడే ఉండాయి. వద్దని రాసేస్తా."

బుట్ట లెక్కన అతనిదే న్యాయం. మునెయ్య చెయ్యి చాపి కలం తీసుకున్నాడు. పలక మీద దిద్దినట్టు పెద్ద అక్షరాలతో రాశాడు: ఈమె వచ్చినాక మండలు మిగిలిపోయినాయి. ఈమెనే ఉంచండి.

స్టేషనువాళ్లకు మండల సంగతి ఏం తెలుస్తుందని చెంగల్రాయుడు నవ్వాడు. మునెయ్య ఆలోచించి కింద ఇంకో ముక్క రాశాడు.

మా చెల్లెలు ఇంటికి పోయింది.

పొయ్యి మీద పాలు పొంగాయి. గంగులమ్మ అన్నను తిడుతూ లేచి గిన్నె దించింది.