నా వంకర వెనక కథ

నేను ఒక గాలి పిస్తోలును. పేరు విని భయపడకండి. నా పొట్టలో మందుగుండు లేదు. ఒక స్ప్రింగు, దాని ముందు కాసింత గాలి, అంతే. ఇన్నేళ్లలో నేను ప్రాణం తీసినవి బెలూన్లే. వాటిలోనూ చాలావరకు నా నుంచి తప్పించుకుని క్షేమంగా ఉన్నాయి.

పుట్టింది ఇంగ్లండులో అని నాకు మహా గొప్ప. విశాఖపట్నంలో దొరల క్లబ్బు గోడకు వేలాడిన రోజులు లీలగా గుర్తు. దొరలు పోయారు, నేను పాత ఇనుము కొట్టుకు చేరాను. అక్కడ దుమ్ములోంచి అప్పలకొండ నన్ను ఏరుకున్నాడు. అనకాపల్లి చుట్టుపక్కల జాతరల్లో బెలూన్లు కొట్టించే అంగడి అతనిది. విరిగిన నా పిడికి టేకుముక్క తొడిగాడు. అరిగిన తోలు వాషరు బదులు తన పాత చెప్పు కోసి పెట్టాడు. దొరతనం అక్కడితో సగం వదిలింది.

మిగతా సగం సుత్తితో వదిలించాడు. నా గొట్టం కొసన గురి చూసుకునే చిన్న మేకును ఒక్క దెబ్బతో కుడికి వంచాడు. ఆనాటి నుంచి ఎవరు ఎంత గురి పెట్టినా గుండు ఎడమకే పోయేది. జనం తమ చేతినే తిట్టుకుని వెళ్ళేవారు. సన్యాసిరాజు అనే కానిస్టేబులు ఏటా యూనిఫాంలో వచ్చి, ఏటా తలదించుకుని వెళ్ళేవాడు.

అప్పలకొండ పోయాక అంగడిని అతని భార్య నూకరత్నం చూసుకుంది. పిస్తోలు మంచిదేనని చూపించడానికి, కాస్త కుడికి జరిపి తను మాత్రం ఠపీమని కొట్టేది.

ఒక జాతరలో చిదంబరరావు నన్ను చూశాడు. హార్బరులో ఇంజనీరుగా రిటైరై, అరుదైన పాత గాలి పిస్తోళ్ళ పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతుంటాడు. నాకు బదులు కొత్త పిస్తోలు ఇస్తానన్నాడు. నా స్ప్రింగు నీరసించింది కనక ఆమె సరేనంది. మేకు సంగతి మాత్రం చెప్పలేదు. అంగడి ముందు జనాన్ని పెట్టుకుని ఎలా చెబుతుంది?

ఆయన భూతద్దంతో నా ఒంటి మీద అరిగిపోయిన అక్షరాలు చదివి, దేశదేశాల వాళ్ళను అడిగి, నా వంశం తేల్చాడు. నా జాతివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చట. నేను ఉబ్బిపోయాను. కానీ వాటి బొమ్మల్లో దేనిలోనూ మేకు వంకరగా లేదు. సముద్రపు గాలికి తట్టుకోవాలని తయారీదారే అలా వంచాడని ఆయన ఒక వ్యాసం మొదలుపెట్టాడు. నాకే నవ్వొచ్చింది. ఎక్కడో పడి వంగి ఉంటుంది, సరిచేసెయ్యమని స్నేహితుడు చెబితే, పట్టకారు కూడా తీశాడు. చివరికి ఒక్కసారి నూకరత్నాన్ని అడుగుదామని నన్ను పట్టుకుని మళ్ళీ జాతరకు వచ్చాడు.

అంగడి ముందు జనం. అందులో సన్యాసిరాజు.

"ఇది తిన్నగా చేయించేద్దామనుకుంటున్నానమ్మా," అన్నాడు చిదంబరరావు.

నూకరత్నం నా మేకు మీద వేలు పెట్టింది. నిజం చెబితే రేపటి నుంచి అంగడికి ఎవరూ రారు. చెప్పకపోతే మొగుడి సుత్తిదెబ్బ గుర్తు మిగలదు. నాకు గుండెకాయ లేదు గాని, ఉంటే ఆగిపోయేది.

"సెయ్యొద్దు బాబూ," అంది. "అది మా ఆయన ఒంచినాడు, ఎవులి గురీ తగలకూడదని. ఆయన సెయ్యి ఇంకెక్కడా మిగల్నేదు."

సన్యాసిరాజు ముందుకొచ్చాడు. అంగడి మూయించేస్తాడనుకున్నాను.

"అయితే తప్పు నా సేతిది కాదన్నమాట," అన్నాడు. అతని మొహం వెలిగిపోయింది. బెలూన్లు కొట్టడానికి నన్నే ఇమ్మని అడిగాడు. అతని వెనక వరస కట్టారు.

నేను ఎక్కడ పుట్టానో ఏడాదిపాటు వెతికిన మనిషి నన్ను ఆమె చేతిలోనే వదిలి వెళ్ళాడు. ఇప్పుడు నా వంకర ఊరందరికీ తెలుసు. అందరూ కుడికి జరిపే కొడుతున్నారు, అయినా తప్పుతున్నారు. ఎంత జరపాలో మాత్రం నూకరత్నం ఎవరికీ చెప్పదు.