కుడి ముంత, ఎడమ ముంత

పత్తి మెత్తగా ఉంటుందని ఎవరన్నారు?

పండిన కాయలోకి మూడు వేళ్లు పోనిచ్చి లాగితే ముందు ఎండిన తొక్క గోటి సందున గుచ్చుకుంటుంది. ఆ తర్వాతే మెత్తదనం. ఆ మెత్తదనం నడుమ చిన్నగా, గట్టిగా, గింజ.

పొన్నుతాయి వేళ్లకు ఆ గింజ తగలని రోజు లేదు. అరవదేశపు మాసి నెల ఎండ నల్లరేగడి మీద కాస్తోంది. నేల నోళ్లు తెరిచి ఉంది. చేను తెల్లగా ఉంది. ఆమె లాగుతోంది, ఒడిలో వేస్తోంది, మళ్లీ లాగుతోంది... పెదవులు మాత్రం వేరే లెక్కేదో పెట్టుకుంటున్నాయి.

పోవాలా... ఉండాలా...

ఇక్కడ, పుదూరు పక్కనున్న ఈ ఊళ్లో, మూడెకరాల మెట్ట, ఒక ఇల్లు, ఒక జత ఎద్దులు, ఒక అత్త. ఇవన్నీ ఒక పక్క.

కోవిల్‌పట్టి ఒక పక్క.

సంగతేమిటంటే — ఆమె మొగుడు వీరసామికి మేనమామ కొడుకు చెల్లసామి అని ఒకడున్నాడు. కోవిల్‌పట్టి పత్తి మిల్లులో రెండేళ్లుగా పని చేస్తున్నాడు. పోయిన వారం చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆ చొక్కా చూడటానికే సగం ఊరు కదిలింది. మిల్లు మేస్త్రీ ఇద్దరికీ పని ఇస్తానన్నాడట. వీరసామికి మూటలు మోసే పని. పొన్నుతాయికి దూదిలో చెత్త ఏరే పని.

"అక్కా, నీ సేతి వేగం గురించి మేస్త్రీకి సెప్తిని. రమ్మనె. సిత్తిరై నెల పుట్టే లోపల మాట సెప్పండి" అని చెల్లసామి చొక్కా నలగకుండా బండెక్కాడు.

వీరసామి ఎద్దులకు మేత వేశాడు. నీళ్లు పెట్టాడు. తలపాగా విప్పి దులిపి మళ్లీ చుట్టాడు. అప్పుడు ఒక్క మాటన్నాడు.

"నీ ఇష్టమే."

మగవాళ్లు ఎంత తెలివైనవాళ్లు! తాము మోయలేని మూటను ఆడదాని నెత్తికెత్తి, పైగా దానికి మర్యాద అని పేరు పెడతారు. పొన్నుతాయి ఆ మూట దించలేదు. నిజం చెప్పాలంటే, ఎత్తినందుకు లోలోపల కాస్త పొంగింది కూడా.

ఆమెకు అక్షరం రాదు. గింజ వచ్చు.

అందుకే అటక మీద రెండు ముంతలు పెట్టింది. కుడిది — పోదాం. ఎడమది — ఉందాం. ఒక కారణం తోస్తే ఒక పత్తిగింజ. అదే కారణం మళ్లీ తోస్తే గింజ లేదు. మనసు ఎంత బతిమాలినా లేదు. ఆ ముంతల దగ్గర ఆమెకు ఆమే మేస్త్రీ.

వాన రాకపోయినా కూలి వస్తుంది. కుడి ముంత.

మిల్లు కూత, ఆ సంగు, ఊదితే లేవాలి, సంగు ఊదితే తినాలి. ఇక్కడైతే కోడి కూసినా ఇంకో పక్కకు తిరిగి పడుకోవచ్చు. ఎడమ ముంత.

కోవిల్‌పట్టిలో తాగే నీళ్లకు బిందెలు వరుసలో నిలబడతాయట. ఎడమ.

కానీ ఆ వరుసలో పది మంది ఆడవాళ్లుంటారు... పది ఇళ్ల కబుర్లుంటాయి... కుడి. నీళ్ల సంగతి రెండు ముంతల్లోనూ పడింది. అది ఆమె తప్పు కాదు.

మిల్లుకు పోయే ఆడదని ఎదురింటి పంచవర్ణం మూతి తిప్పుతుంది. ఎడమ.

అయితే ఆ పంచవర్ణం కోవిల్‌పట్టిలో ఉండదు. కుడి. ఈ గింజ మాత్రం ముంతలో గట్టిగా చప్పుడు చేసింది.

అక్కడ గడప దాటితే అంతా అరవమే. మన మాట ఇంటి లోపల నాలుగు గోడల మధ్యే. ఇక్కడ చేనుగట్టు మీద కేకేసినా మన మాటే. ఎడమ.

రైలు.

రైలు — అంతే. అది ఎక్కనక్కరలేదు. రోజూ అటు ఇటు పోతూ ఉంటే చాలు. ఇది కారణమేనా అని రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు కుడి ముంతలో వేసేసింది.

మొదటి వాన పడ్డప్పుడు నల్లరేగడి వాసన. ఎడమ. ఆ గింజ వేసేటప్పుడు తెలియకుండానే గాలి పీల్చింది.

ఆమె పట్నం చూసింది ఒకే ఒక్కసారి. విరుదునగర్. అత్త ఇప్పటికీ విరుదుపట్టి అనే అంటుంది. ఊరి పేరు మార్చి ఎనిమిదేళ్లయినా తనకెవరూ కబురు చేయలేదట. పెళ్లయిన ఏడు పొన్నుతాయి పత్తిబండి మీద కూర్చుని అక్కడికి వెళ్లింది. తెల్లారేసరికి బజారులో మిరపకాయల మూటలు విప్పుతున్నారు. ఘాటు లేచింది. వీరసామి తుమ్మాడు. ఎద్దు తుమ్మింది. కొట్టు యజమాని విభూతి రాలిపోయేలా తుమ్మాడు. పొన్నుతాయి తుమ్మింది. పక్కన ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ తుమ్మి, తుమ్మి, నిలబడలేక పొన్నుతాయి భుజం పట్టుకుని నవ్వింది.

ఎవరి కోడలివని అడగలేదు. ఏ ఊరని అడగలేదు.

భుజం పట్టుకుంది, నవ్వింది, వెళ్లిపోయింది.

ఎవరికీ ఏమీ కాకుండా ఒక పూట నిలబడటం ఇంత హాయిగా ఉంటుందా! ఆ హాయికి పది గింజలు వేయాలనిపించింది. ఒక్కటే వేసింది. మేస్త్రీ కఠినురాలు.

అంత కఠినురాలూ ఒక్కచోట దొరికిపోయింది. అత్త దగ్గర.

అత్త పాపమ్మాళ్ చేను వదిలి రాదని వీరసామి అన్నాడు. చెల్లసామి అన్నాడు. ఊరంతా అన్నది. ముసలావిడ మాత్రం వక్క నములుతూ అన్నీ విన్నది. పోతే అత్తను ఒంటరిగా వదిలిపెట్టి పోవాలి. ఒక కారణం, ఒక గింజ. కానీ ఆ ఒక్కటి వేశాక అత్త దగ్గు వినిపించింది — ఇంకొకటి. వేడి సంకటి ముద్ద చేసి చల్లార్చి పెట్టే చెయ్యి గుర్తొచ్చింది — ఇంకొకటి. కడుపులో బిడ్డ నిలవకపోయిన ఏడు, నలభై రోజులు తన తల దగ్గర నుంచి కదలని మనిషి గుర్తొచ్చింది. నాలుగోది వేసేటప్పుడు కళ్లు మసకబారి, గింజ చేతిలోంచి దానంతట అదే జారింది.

అత్త ఒక్కతే. గింజలు మాత్రం నాలుగు.

పంగుని నెల చివర, సిత్తిరై గడువు దగ్గర పడగా, ఒక సాయంత్రం ముంతలు దించి లెక్క పెట్టింది.

కుడి — పందొమ్మిది.

ఎడమ — ఇరవై మూడు.

ఉండాలి. సరే... నెల రోజుల బరువు దిగిపోయింది కదా, హాయిగా ఉండాలి కదా. లేదు. గింజలు ఏ ముంతవి ఆ ముంతలో పోసి అటక మీద పెట్టింది. మర్నాడు ఆఖరి ఏరుడుకు చేనుకు పోయింది. చేతివేగం మేస్త్రీ చెవి దాకా పాకిన మనిషి, ఆ రోజు అందరికంటే వెనకబడింది. ఎండ తగిలిందా అని ఎవరో అడిగారు. తగిలిందంది.

పొద్దు వాలేవేళ ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే వాసన పట్టుకుంది. శొంఠి. కరుప్పట్టి తాటిబెల్లం. పొయ్యి మీద గుండిగలో బుడబుడ.

పత్తిపాలు!

గింజలు పొద్దున్నే నానబెట్టి, రోట్లో రుబ్బి, పిండి, పాలు తీసి, బెల్లం వేసి కాచడమంటే అత్తకు ఒక పగలంతా పడుతుంది. కోడలు పది రోజులుగా మాట తగ్గించిందని, మొహం వాడిందని, ముసలావిడ ఒక్క ప్రశ్న అడక్కుండా రోలు ముందు కూర్చుంది.

పొన్నుతాయి ఒక లోటా తాగింది. ఇంకో లోటా తాగింది. వేడి గొంతులో దిగి, గుండె మీదుగా పోయి, కాళ్ల దాకా చేరింది.

"ఎంత బాగుండాదో అత్తా! గింజలన్నీ పత్తితోపాటు విరుదునగర్ పోయెనే, ఇవెక్కడివి?"

"సారెడే ఉండె. సాల్లేదు. అటక మీద రెండు ముంతల్లో కొంజెం ఉండె గదా, అవీ కలిపితిని."

పొన్నుతాయి ఖాళీ లోటా వంక చూసింది. తన కడుపు వంక చూసుకుంది.

నెల రోజుల ఆలోచన. రైలు, నీళ్ల వరుస, మిరపకాయ తుమ్ము, వాన వాసన, పంచవర్ణం మూతి — పోదామన్నవీ ఉందామన్నవీ ఒకటిగా నలిగి, బెల్లంతో ఉడికి, వెచ్చగా తియ్యగా కడుపులో చేరాయి.

"అయ్యో అత్తా! పోదామనేదే జాస్తి ఉండె!"

అనేశాక, ఆ మాట ఆమెకు వినిపించింది.

అబద్ధం. పచ్చి అబద్ధం. కానీ ఎంత ధారాళంగా వచ్చింది! ఎక్కడా తడబడకుండా, ఎవరూ బతిమాలకుండా... పొన్నుతాయికి ఒళ్లు జల్లుమంది.

"ఏమి పోదామనేది?" అంది అత్త.

చెప్పింది. ముంతలు, గింజలు, కుడి, ఎడమ, అన్నీ చెప్పింది. పాపమ్మాళ్ వక్క నమలడం ఆపి విన్నది.

"జాస్తి అంటే ఎన్ని?"

రెండో అబద్ధం రాలేదు. "జాస్తి కాదత్తా... నాలుగు తక్కువ."

"అప్పొ బొంకితివా?"

"నేను బొంకలేదత్తా. నోరే బొంకె."

ముసలావిడ పెదవి మీద నవ్వు మొదలై, అంతలోనే ఆగింది. "ఆ ఉందామనే ముంతలో... నావి ఎన్ని?"

పొన్నుతాయి తల వంచుకుంది. "నాలుగు."

"నాలుగేనా?"

కోపం. నిజమైన కోపం. పాపమ్మాళ్ లేచి నిలబడింది. "పదకొండేండ్లకి నాలుగేనా? సంకటికే ఏడు పడాల! కాలు పిసికినదానికి? నీకు దిష్టి తీసినదానికి? ఈ పత్తిపాలకి?" వేళ్లు మడిచి, మడిచి, వేళ్లు చాలక ఆగిపోయింది. అప్పుడు గొంతు తగ్గింది. "ముసల్ది రాదు, ముసల్ది రాదు అని మీరే సెప్పుకొంటిరి. నన్ను ఒకరన్నా అడిగితిరా?"

అడగలేదు. నెల రోజుల్లో ముంతల్ని నూరుసార్లు అడిగింది, పొయ్యి దగ్గర కూర్చున్న మనిషిని ఒక్కసారి అడగలేదు.

"ఆ నాలుగూ తీసి అవతలి ముంతలో ఏయి. నేనూ రైలు సూడాల."

"గింజలెక్కడుండాయి అత్తా?"

"తాగితివి గదా. లోపలే మార్చుకో."

అని వెళ్లి గుండిగ దించింది ఆవిడ, ఇంకా గొణుగుతూనే. నాలుగట, నాలుగు...

పొన్నుతాయి వేళ్ల మీద లెక్క వేసింది. పందొమ్మిదికి నాలుగు కలిపింది. ఇరవై మూడులోంచి నాలుగు తీసింది. నమ్మకం కుదరక మళ్లీ వేసింది. నవ్వొచ్చింది. ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో పొరబోయింది కూడా. సంతోషం ఇంత చోటు ఆక్రమిస్తుందని ఆమెకు తెలియదు.

చేను ఎవరు దున్నుతారు? ఎద్దులను ఏం చేయాలి? అక్కడ అద్దెకు ఇల్లెవరిస్తారు? ఒక్కటీ తేలలేదు.

బయట బండి ఆగింది. వీరసామి కాడి దించుతూ గుమ్మంలోని భార్యను చూశాడు. మూతి మీద పాల మరక, చెంపల మీద తడి, వెనక ఎవరినో తిడుతున్న తల్లి గొంతు.

"ఏమే, ఏమాయె?"

పొన్నుతాయి పరుగున బండి దాకా పోయింది. ఏం చెప్పాలో, ఏది ముందు చెప్పాలో ఆలోచించుకోలేదు. నోరు తెరిచింది — ఈసారి ఆ నోరు ఏం చెబితే అదే తన మాటని.