చిట్టి బిగించిన హ్యాండ్‌బ్రేకు

నలభై ఏళ్లొచ్చినా ఇంట్లో అందరికీ ఆమె చిట్టే. పాత మిలిటరీ బళ్లు బాగుచేసి బతుకుతోంది. ఆ పని నేర్పింది నాన్న. నేర్పినవాడే నలుగురిలో పరువు తీశాడు, అదీ సంగతి.

నెల కిందట నాన్న జీపు వాలులో నిలబెట్టింది నిలబెట్టినట్టే జారి గోడను గుద్దింది. మధ్యలో ఆయన కాలు నలిగింది. ఆసుపత్రి మంచం మీదనుంచే చూడ్డానికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు, "హ్యాండ్‌బ్రేకు బిగించింది మా చిట్టి. సరిగ్గా చూసుకోలేదు, పాపం." ఆ 'పాపం' ఉంది చూశారూ, అది పుండు మీద కారం! కన్నతండ్రే అన్నాక ఇంకెవరు నమ్ముతారు? బళ్లిచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తోలుకుపోయారు. షెడ్డు బోసిపోయింది.

చిట్టి కూడా తన్నే తిట్టుకుంది. తిండి సయించక, ఏ నట్టు వదిలేశానా అని బుర్ర బద్దలు కొట్టుకుంది. ఇన్నాళ్లూ పోలీసుల దగ్గర ఉండిపోయిన జీపు ఇవాళ ఇంటికి చేరీ చేరగానే దాని కిందికి దూరింది.

ఆ కాలపు జీపులకి హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. గేరుబాక్సు వెనక, చక్రాల్ని తిప్పే షాఫ్టు మీద ఒకటే డ్రమ్ము, లోపల దాన్ని ఒరుసుకుని ఆపే రెండు ఇనప షూలు. డ్రమ్ము ఊడదీయగానే మాడు వాసన గుప్పుమంది. షూల మీద రాపిడికి అంటించే లైనింగు బొగ్గయిపోయింది. డ్రమ్ము నీలంగా కమిలింది. నట్లు మాత్రం ఆమె బిగించినచోటే ఉన్నాయి, గుర్తుకి గీసిన రంగు గీత కూడా చెదరలేదు. బ్రేకు లాగి ఉంచి బండిని మైళ్లకొద్దీ తోలితే తప్ప అలా కాలదు. అంత కాలినది వాలులో బండిని ఏం పట్టుకుంటుంది, దాని మొహం! ఆ రోజు నాన్నను ఎక్కించుకుని తోలింది అన్నయ్య.

కోపం కన్నా ముందు ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మసి చేతులతోనే షూ పట్టుకుని, వరండాలో కట్టు కాలు చాపుకుని కూర్చున్న నాన్న దగ్గరికి పరుగెత్తింది.

"నాన్నా, తప్పు నాది కాదు! ఇదిగో, అన్నయ్య బ్రేకు దించకుండా తోలాడు!"

ఆయన షూ వంక చూడనేలేదు.

"తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"పక్కనే ఉన్నాగా. వాసనొస్తోంది, ఆపరా అన్నాను. వింటేగా! దిగేటప్పుడు చూస్తే, వాడు ముట్టుకోకుండానే బ్రేకు లాగింది లాగినట్టే ఉంది."

"మరి నా పేరెందుకు చెప్పావు?"

"వాడి సంగతి తెలిసిందేగా, మాటంటే పడడు. అలిగి గడప తొక్కడం మానేస్తాడు. నువ్వైతే బంగారుతల్లివి, సర్దుకుంటావు." అక్కడితో ఊరుకున్నాడా? "ఎల్లుండి పాత బళ్ల ప్రదర్శనట. కొత్త లైనింగు వేసిపెట్టమ్మా, వాడే తోలతానన్నాడు."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో చిట్టికి అప్పుడు తెలిసింది. చేతిలోని షూ ఆయన ఒళ్లో పెట్టింది.

"నువ్వే వేసుకో."

"కోపమొచ్చిందా తల్లీ?"

"లేదు నాన్నా," అంది. "ఈ నెలంతా తప్పు నాదే అనుకున్నాను. దీనికన్నా అదే నయం."