లీటరుకు ఎనభై

పెళ్లయిన ఇరవై రెండో రోజు, రేగొండ పెట్రోల్ బంకులో మా ఆయన కరుణాకర్ బైకు ట్యాంకు అంచు దాకా నిండుతుంటే వంగి మరీ చూశాను.

"ఇంక జర పొయ్యన్నా, మెడ దాకా," అన్నాను.

బైకు మీటరు మీది కిలోమీటర్ల అంకెను నోటుబుక్కులో రాసుకున్నాను. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. అత్తగారి ఊళ్లో ఇది నా మొదటి ప్రయోగం.

కరుణాకర్ రోజూ భూపాలపల్లిలో ఆఫీసుకు వెళ్లి వస్తాడు. వారం తిరిగాక, శుక్రవారం సాయంత్రం, అదే బంకులో అదే అంచు దాకా పోయించాం. తిరిగింది రెండు వందల ఎనిమిది కిలోమీటర్లు, పట్టింది నాలుగు లీటర్లు. లీటరుకు యాభై రెండు.

"పాత బండి, గంతే ఇస్తది," అన్నాడాయన.

"చూస్తుండుండ్రి!"

ఆదివారం ఇద్దరం వాకిట్లో కూర్చుని ఎయిర్ ఫిల్టర్ దులిపాం, చైనుకు ఆయిల్ పెట్టాం. ఆయన ముక్కుకు నల్లగా మసి అంటింది. చూడ్డానికి బాగుందని సాయంత్రం దాకా ఆ సంగతి చెప్పలేదు. టైర్లలో గాలి సరిగ్గా కొట్టించి, నలభై ఐదు స్పీడు దాటనని ఒట్టు వేయించుకున్నాను.

తర్వాతి శుక్రవారం అరవై ఐదు వచ్చింది. ఆ పై శుక్రవారం ఎనభై! బంకులోనే చప్పట్లు కొట్టాను. పక్కనే నిలబడి ఆయన నవ్వాడు. జనగామలో ఉన్న మా బాపుకు ఫోన్ చేసి చెప్పాను.

"గాలి ఎంత కొట్టిచ్చినవ్ బిడ్డా? నా బండికి గూడ కొట్టిస్త," అన్నాడు బాపు.

గల్లీలో కనబడిన వాళ్లందరికీ చెప్పాను. అందరూ నవ్వారు. నా సంతోషం చూసి నవ్వుతున్నారనుకున్నాను.

మర్నాడు చింతపండు కోసం భూదేవవ్వ దుకాణానికి వెళ్లాను. బయట స్టూలు మీద పెట్రోలు సీసాలు వరుసగా పెట్టి అమ్ముతుందామె.

"అవ్వా, మా బండి లీటరుకు ఎనభై ఇస్తున్నది!"

"ఎందుకియ్యది బిడ్డా? మీ ఆయన మొన్న గూడ నా దగ్గర సీసా కొని ట్యాంకుల పోసుకపాయె. నువ్వు మురుస్తున్నవని పోస్తున్నడట. నీకు చెప్పద్దన్నడు గని, గల్లీల అందరికి ఎరుకే!"

పాలు పోసే కొమురెల్లన్న అక్కడే ఉన్నాడు. "నా బండిల గూడ ఎవలన్న గట్ల పోస్తే వంద ఇస్తది చెల్లే," అని పగలబడి నవ్వాడు.

చింతపండు తీసుకోకుండానే ఇంటికి వచ్చాను.

"ఎన్ని సీసాలు పోసిన్రు?"

"నువ్వు గట్ల ఎగురుతుంటే మంచిగనిపిచ్చింది జ్యోత్స్నా. గిండ్ల తప్పేముంది?"

"ఎన్ని సీసాలు?"

"యాదికి లేదు. ఒకపారి నిండుది, ఒకపారి సగం..."

అప్పుడు ఏడుపొచ్చింది. ఎంత పోశాడో తెలిస్తే కలుపుకుని లెక్క సరిచేసుకునేదాన్ని. గాలి వల్ల, ఫిల్టర్ వల్ల నిజంగా ఎంత పెరిగిందో, అసలు పెరిగిందో లేదో కూడా ఇక తెలియదు. నేను చప్పట్లు కొట్టింది సీసా పెట్రోలుకు.

ఆ సాయంత్రమే మళ్లీ అంచు దాకా పోయించి, ట్యాంకు మూత మీద కాగితం అతికించి, పరీక్ష పేపర్ల కట్టకు సీలు వేసినట్టు అడ్డంగా సంతకం పెట్టాను.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు.

నేను సంతకం కింద తేదీ వేశాను.

శుక్రవారం దాకా సంతకం చెదరలేదు. రెండు వందల ఏడు కిలోమీటర్లకు మూడు లీటర్ల ఏడు వందల మిల్లీలీటర్లు పట్టింది. యాభై ఆరు. నాలుగు పెరిగింది. ఈ నాలుగూ నావే.

బంకు దగ్గరి నుంచే బాపుకు ఫోన్ చేశాను.

"ఎనభై కాదు బాపూ. యాభై ఆరే."

"మరి ఎనభై ఎట్లొచ్చింది బిడ్డా? ఈడ అందరికి చెప్పిన గద!"

కరుణాకర్ బండి పట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"నేనే లెక్క తప్పు చేసిన," అన్నాను.

"గింత సదివి గదేం లెక్క బిడ్డా!" అని నవ్వాడు బాపు.

కరుణాకర్ అది విన్నాడు. తల వంచుకుని, మూత మీద మిగిలిన కాగితం ముక్కను గోటితో గీకడం మొదలుపెట్టాడు.