గట్టిరాతి సిలువ

జర్మనీలోని స్పెస్సార్ట్ అడవిలో ఇరుకు దారిన రెండు బళ్లు ఎదురుపడ్డాయి. నువ్వు వెనక్కి వెళ్లమంటే నువ్వు వెళ్లమని మాటామాటా పెరిగింది. కట్టెలు కొట్టే ఎబర్లిన్ గొడ్డలి తిరగేసి కొట్టాడు. అవతలి బండివాడు కుంట్స్ అక్కడికక్కడే ప్రాణం విడిచాడు.

ఊరిపెద్దలు, చర్చి గురువు కూర్చుని ఆనవాయితీ ప్రకారం తీర్పు చెప్పారు. ఎబర్లిన్ పాపపరిహారంగా దూరాన ఉన్న ఆఖెన్ చర్చికి కాలినడకన వెళ్లి రావాలి. నెత్తురు చిందిన చోట రాతి సిలువ నిలబెట్టాలి. ఆరోజు కుంట్స్ భార్య వాల్‌బుర్గ్ అతనికి చెయ్యి అందిస్తే పగ తీరిపోయినట్టు. ఆపైన ఇరువైపుల వాళ్లలో ఎవరూ కత్తి దూయకూడదు.

వాల్‌బుర్గ్ రాతిపనివాడి కూతురు. తండ్రికి చూపు మందగించాక క్వారీ పని ఆమే చూసుకునేది. అందుకే వసంతంలో ఎబర్లిన్ అన్నదమ్ములు ఎక్కడో చేయించిన ఎర్రరాతి సిలువను ఎద్దుల బండి మీద తెచ్చి దించగానే, ఆమె కన్నీళ్లు పెట్టుకోలేదు. దగ్గరికి వెళ్లి సుత్తితో తట్టి చూసింది. పగిలిన కుండలా పలికింది.

"ఇది వద్దు," అంది.

ఊరిపెద్ద సిఫ్రిడ్ మొహం చిట్లించాడు. "సిలువకే వంక పెడతావా అమ్మాయీ?"

"సిలువకి కాదు బాబాయ్, రాయికి."

చెయ్యి ఇవ్వడం ఇష్టంలేక సాకులు వెతుకుతోందని ఎబర్లిన్ అన్న నలుగురికీ వినపడేలా గొణిగాడు. ఆమె అతనితో వాదం పెట్టుకోలేదు. కూజాలో నీళ్లు తెప్పించి రాతి మీద పోసింది. అడ్డచేతి మొదట్లో ఒక గీత నల్లగా తేలింది. లోపల మట్టిపొర ఉందని, మంచు కురిస్తే మూడేళ్లు కూడా నిలవదని చెప్పి, ఆ గీత మీద ఒక్క దెబ్బ వేసింది. సిలువ చెయ్యి విరిగి గడ్డిలో పడింది.

"మా క్వారీలో మంచి రాయి ఉంది. చెక్కడం నేను చూపిస్తాను. చెక్కాల్సింది మాత్రం అతనే. సరిగ్గా చెక్కితే చెయ్యి ఇస్తాను," అందామె.

ఆఖెన్ యాత్ర ముగించుకొచ్చి, అప్పటిదాకా తల ఎత్తని ఎబర్లిన్, "చెక్కుతాను," అన్నాడు.

వేసవంతా చెక్కాడు. మొదటి నెల ఉలి కంటే వేళ్ల మీదే ఎక్కువ దెబ్బలు పడ్డాయి. అంచు వంకరపోయిన ప్రతిసారీ ఆమె మళ్లీ చెక్కించింది. మొగుణ్ణి చంపినవాడికి పని నేర్పుతున్నావా అని కుంట్స్ తమ్ముడు ఇంటికొచ్చి నిలదీశాడు. "వాడికి నేర్పడం కాదు మరిదీ, మీ అన్నకి రాయి చేయిస్తున్నా," అని చెప్పి, రై రొట్టె, సూప్ పెట్టి పంపింది.

ఆఖరికి గొడ్డలి బొమ్మ మిగిలింది. ఏ ఆయుధంతో ప్రాణం పోయిందో అది సిలువ మీద ఉండాలి. ఎబర్లిన్ రెండు రోజులు ఉలి పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. మూడో రోజు, ఇదొక్కటీ ఇంకెవరితోనైనా చేయించమని అడిగాడు.

"ఇంకెవరో కొట్టలేదుగా," అంది వాల్‌బుర్గ్.

అతను ఏడుస్తూనే చెక్కాడు. మధ్యలో ఆగి, కుంట్స్ ఎలాంటివాడని అడిగాడు. తనకు కోపం వస్తుందనుకుంది గాని రాలేదు. గుర్రాలకు అపస్వరంలో పాటలు పాడేవాడని, రాత్రి కాళ్లు కడుక్కోమంటే పోట్లాడేవాడని చెప్పింది. చెబుతుంటే నవ్వొచ్చింది. కుంట్స్ పోయాక నవ్వడం అదే మొదలు.

సెప్టెంబరు చివర్లో వచ్చే మిఖాయేలు పండుగ నాడు ఇరువైపుల ఊళ్ల జనం చూస్తుండగా సిలువను గోతిలో దించి రాళ్లు బిగించారు. ఎబర్లిన్ మోకాళ్ల మీద కూర్చుని క్షమించమన్నాడు. అతని మీద మనసు పూర్తిగా కరగలేదని ఆమెకు తెలుసు. కరిగేదాకా ఆగితే ఏళ్లు పట్టొచ్చనీ తెలుసు. అయినా మాట ఇచ్చింది, పని సరిగ్గా జరిగింది. చెయ్యి చాపింది. కాయలు కాసిన అతని చేతిని గట్టిగా పట్టుకుని పైకి లేపింది.

మంచు పడకముందే పక్క ఊరి గురువు, తమ చర్చి మెట్లకు రాయి కావాలని క్వారీకి వచ్చాడు. మీ నాన్న ఉన్నాడా అని అడిగాడు.

"ఉన్నారు, పడుకున్నారు. కొలతలు నాతో చెప్పండి," అంది వాల్‌బుర్గ్.