కూతలో వచ్చిన బస్సు

దొరబాబు మాస్టారికి తన ఆడపిల్లల కబడ్డీ జట్టంటే ప్రాణం. దెబ్బలంటే మాత్రం లెక్కలేదు. కాలు బెణికినా, పెదవి చిట్లినా ఒకటే మాట: "నీల్లు కొట్టుకుని ఆడండమ్మా."

మద్దిలపాలెంలో ఫైనల్ నాడు జట్టు వెనకబడి ఉంది. పద్మనాభం నుంచి రోజూ బస్సులో ప్రాక్టీసుకొచ్చే హేమశ్రీ కూతకెళ్ళింది. అవతలి పిల్ల మోకాలు ఆమె తలకి ఠప్పున తగిలింది. పడుతూనే గీత అందుకుంది. లేచి, దుమ్ము దులుపుకుని, జనానికి నమస్కారం పెట్టింది.

"ఏటమ్మా, బాగున్నావా?"

"బెమ్మాండంగా ఉన్నాను సార్."

మాస్టారికి అది చాలు. వంతు రాగానే మళ్ళీ పంపాడు.

హేమశ్రీ గీత దాటి, చెయ్యి చాచి, గుక్క తిప్పుకోకుండా అందుకుంది: "మధురవాడ, ఎండాడ, హనుమంతవాక, మద్దిలపాలెం! ఎనక్కి జరగండమ్మా, ఎనకంతా కాళీయే!"

అవతలి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకమ్మాయైతే నిజంగానే వెనక్కి జరిగింది. "టికెట్, టికెట్" అంటూ ఇద్దరి భుజాలు తట్టి హేమశ్రీ తాపీగా తిరిగొచ్చింది.

రిఫరీ కూత చెల్లదన్నాడు. మాస్టారు ఆయన మీదికి లేచాడు. "గుక్క తెగలేదు కదండీ! ఏ ఊరి పేరైతే ఏటి?"

ఈ రభసలో హేమశ్రీ నాయనమ్మ చిలకమ్మ కోర్టులోకి వచ్చేసింది. "బాబూ, దాని కల్లు సూడు. నన్ను పట్టుకుని 'దిగవా అక్కా' అంతంది!"

"అది టెక్నిక్కు మామ్మా. ఇంకొక్క కూత."

చిలకమ్మ మధ్యగీత మీద కాళ్ళు బారజాపి కూర్చుంది. "ఎల్లమను. నన్ను దాటి ఎల్లమను."

నిర్వాహకులిద్దరొచ్చి రెక్కలు పట్టుకున్నారు. "నడుం పట్టేత్తే మీదే పూచీ" అనేసరికి వదిలేశారు.

ఆవిడ నోరు మూయించడానికే మాస్టారు హేమశ్రీని అడిగాడు. "సెప్పమ్మా, నానెవర్ని?"

ఆ పిల్ల జాలిగా చూసింది. "మీరు ఎండాడలో దిగాల కదండీ. దాటిపోనాది."

జనం గొల్లుమన్నారు. మాస్టారూ నవ్వబోయి, ఆ పిల్ల కళ్ళలోకి చూశాడు. నాలుగేళ్ళుగా ఆట నేర్పిన పిల్ల. ఆ చూపు ఆయన మీద నిలవట్లేదు.

ఆయనే ఆటో పిలిచాడు. సీతమ్మధార క్లినిక్కి వెళ్తూ హేమశ్రీ ఆయన చొక్కా మీద వాంతి చేసుకుంది. డాక్టర్ జ్యోతిర్మయి పరీక్షలన్నీ చేయించి బయటికొచ్చింది. "మెదడు గట్టి కుదుపుకు లోనైంది. స్పృహ తప్పకపోయినా ఇది ప్రమాదమే. తగ్గకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణం మీదికొచ్చేది. మళ్ళీ ఎందుకు ఆడించారు?"

"బాగున్నానందండి."

"దెబ్బ తగిలింది తలకి. ఆ తలనే అడిగితే ఎలాగండీ?"

జట్టు ఓడిపోయిందని ఎవరో ఫోన్ చేస్తే మాస్టారు, "ఆఁ, సరే" అని పెట్టేశాడు.

సాయంత్రానికి హేమశ్రీ అందరినీ గుర్తుపట్టింది గానీ తలనొప్పి వారాల తరబడి వదల్లేదు. అన్నాళ్ళూ చిలకమ్మ పక్కింటివాళ్ళని మిక్సీ కూడా వెయ్యనివ్వలేదు. డాక్టరమ్మ సరేనన్నాకే, అదీ కొద్దికొద్దిగా, ఆ పిల్ల మళ్ళీ గ్రౌండుకొచ్చింది.

ఇప్పుడు మాస్టారి జట్టులో తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట లేదు. డాక్టర్ దగ్గరికే. మొన్న తలకి మోచెయ్యి తగిలిన మధులతని బయటికి పిలిచేస్తే వాళ్ళ నాన్న ఎల్లారావు ఊగిపోయాడు.

"ఓడిపోతాం మాస్టారూ!"

"ఓడిపోదాం బావా," అన్నాడు దొరబాబు. "ఆటో పిలు."