సెలవు రోజున లేతు

మా మేనమామ గవరయ్యకు కలకత్తా పక్కన లిలువాలో చిన్న లేతు షాపు ఉంది. రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మిషను. నీళ్ల పంపుల్లో ఇరుసు చుట్టూ వేసే ఇత్తడి గొట్టం ముక్కలు, బుష్‌లు చేస్తారు. ఒక లేతు మీద మామయ్య, రెండోదాని మీద ఏళ్లుగా షాపులో పనిచేస్తున్న సూరన్న తాత. పాలకొండ దగ్గర మా ఊళ్లో చదువు ముగించుకుని, ఫోన్లూ బిల్లులూ చూడడానికి నేను అక్కడికి వచ్చాను.

ఆ సెప్టెంబరులో చెన్నైలోని ఒక పంపుల కంపెనీకి మా నమూనాలు నచ్చాయి. ఏడాది ఆర్డరు ఇచ్చే ముందు షాపునూ పనినీ చూపిస్తూ చిన్న వీడియో పంపమన్నారు. బుధవారం సాయంత్రం వరకే గడువు. ఆ ఆర్డరు రాకపోతే రెండో లేతు అమ్మేయాల్సిందేనని మామయ్య అత్తయ్యతో అంటుంటే విన్నాను. అది పోతే సూరన్న తాతకూ పని ఉండదు.

వీడియోలు తీసేవాళ్లను పిలిచే స్తోమత మాకు లేదు.

"నీ ఫోన్లో తియ్యవేటి, అమ్మీ?" అన్నాడు మామయ్య. "బుదవారం విశ్వకర్మ పూజ కదా. ఎలాగూ సున్నం కొట్టిస్తాం, అందరికీ కొత్త బట్టలు. ఒక్క ఖర్చుతో రెండూ అయిపోతాయి."

నాకూ బాగానే ఉందనిపించింది. ఫోను నిలబెట్టడానికి బియ్యం డబ్బా, అది కదలకుండా రెండు ఇటుకలు, గుమ్మంలోంచి వచ్చే ఎండను లోపలికి మళ్లించడానికి అత్తయ్య తెల్ల దుప్పటి సిద్ధం చేసుకున్నాను.

పూజ అయింది. లేతులకు బొట్లు, బంతిపూల దండలు. బయట ఆకాశం నిండా గాలిపటాలు. పక్క షాపు వాళ్ల బాక్సుల్లో పాటలు హోరెత్తుతున్నాయి.

"సూరన్నా, రెండు నిమిషాలు తిప్పు. అమ్మి తీసేస్తాది," అన్నాడు మామయ్య.

తాత ప్రసాదం తింటున్నాడు. "ఏటి తిప్పేది?"

"లేతు."

"ఇయ్యాలా?"

"వీడియోకే. పని కాదు కదా."

"ఇయ్యాల దానికి సెలవు. నాను ముట్టను."

ఈ పూజ రోజున ఇక్కడ మిషన్లు ముట్టరని నాకు తెలియదు. మామయ్యకు తెలుసు. దండం పెట్టేశాక రెండు నిమిషాలకు ఏమవుతుందిలే అనుకున్నట్టున్నాడు. తనే స్విచ్చు దగ్గరికి నడిచాడు.

"దండ తీసి తిప్పుతావా, ఉంచి తిప్పుతావా?" అంది అప్పలలక్ష్మి అత్తయ్య, కొబ్బరి ముక్కలు పంచుతూనే.

మామయ్య చెయ్యి స్విచ్చు మీద కాసేపు ఉంది. తర్వాత దిగిపోయింది.

"మరి ఆర్డరో?" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

"అది రాపోతే నా లేతు అమ్మేస్తావని నాకు తెలుసులే," అన్నాడు తాత. "అయినా ఇయ్యాల ముట్టను."

గడువు సాయంత్రమే, అప్పటిదాకా ఆగినా లేతు సెలవు తీరదు. నేను దుప్పటి మడతపెట్టబోయి ఆగాను.

"తాతా, ముట్టుకోకుండా ఎలా చేస్తావో చూపిస్తావా? గాల్లోనే."

"గాల్లో బుష్ సేత్తే కంపెనీవోడు గాల్లోనే డబ్బులిత్తాడు," అని నవ్వాడు. కానీ చేతులు కడుక్కుని వచ్చి లేతు ముందు నిలబడ్డాడు.

అత్తయ్య పక్క షాపు గుమ్మం దగ్గరికి వెళ్లి, "ఓ దాదా, గాన్‌టా ఎక్టు బొందో కొరో," అని బెంగాలీలో కేకేసింది. పాట ఆగిపోయింది.

తాత చేతులు దండకు జానెడు దూరంలో కదిలాయి. లేని ఇత్తడి ముక్కను బిగించాడు. కనిపించని చక్రాన్ని నెమ్మదిగా తిప్పాడు. మెడ కొంచెం పక్కకు వంచి, తిరగని లేతును విన్నాడు.

"ఇక్కడ సప్పుడు మారుద్ది. మారితే ఆపెయ్యాలి. లేపోతే లోపల గీత పడతాది."

మామూలు రోజైతే మిషను రొదలో ఈ మాట నా ఫోనుకు అందేది కాదు. తర్వాత మామయ్య వచ్చి, పూర్తయిన బుష్ ఒకటి అరచేతిలో పెట్టుకుని అది పంపులో ఎక్కడ కూర్చుంటుందో చెప్పాడు. ఫోను వైపు కాకుండా తాత వైపు చూస్తూ మాట్లాడాడు.

చీకటి పడకముందే పంపేశాను.

మర్నాడు కంపెనీ నుంచి ఫోను వచ్చింది. మిషను ఎందుకు తిరగడం లేదని అడిగారు.

"నిన్న దానికి సెలవు సార్," అన్నాడు మామయ్య హిందీలో.

అవతలి మనిషి, ఇవాళ తిప్పి ఇంకో ముక్క పంపమన్నాడు. ఆ పెద్దాయనే ఉండాలన్నాడు.

తాత పాత నూనె చొక్కా వేసుకుని వచ్చాడు. దండ తీసి మేకుకు తగిలించి స్విచ్చు వేశాడు. నిన్న గాల్లో చేతులు ఎక్కడెక్కడ ఆగాయో ఇవాళా అక్కడే ఆగాయి. రొదలో ఒక్క మాటా వినపడలేదు. నిన్నటి గొంతును ఇవాళ్టి బొమ్మకు అతికించి పంపాను.

ఏడాది ఆర్డరు రాలేదు, ఆరు నెలల ఆర్డరు వచ్చింది. లేతును ఆ ఆరు నెలలూ కదపనని మామయ్య తాతకు నేరుగా చెప్పాడు. తాత తలూపి, నా ఫోను అడిగి తీసుకుని వీడియో చూశాడు.

"నా మెడ అలా వంగుద్దా?"

"అన్నం తిన్నప్పుడూ అలాగే వంగుద్ది," అంది అత్తయ్య.

తాత నమ్మనట్టు చూసి, ఫోను నా చేతిలో పెట్టి లేతు దగ్గరికి వెళ్లాడు. స్విచ్చు వేశాడు. మెడ వంగింది.